గాలి పెరిగాక ఎక్కడ దిగాలి, ఏది పట్టుకెళ్లాలి: శాన్‌ఫ్రాన్సిస్కో బేలో విండ్‌సర్ఫింగ్ చేసేవాళ్లకి

మౌంటెన్ వ్యూలో షోర్‌లైన్ చెరువు దగ్గర వారాంతాల్లో నన్ను తరచూ అడిగే ప్రశ్న ఒకటుంది. అక్కడ రెండు మూడు వేసవులు విండ్‌సర్ఫింగ్, అంటే తెరచాప బిగించిన బోర్డు మీద నిలబడి గాలితో సాగడం, నేర్చుకుని కాస్త చేయి తిరిగినవాళ్లు అడుగుతారు. వాళ్లలో మనవాళ్లూ ఉంటారు. "అన్నా, 15 నాట్ల గాలిలో హాయిగా తిరుగుతున్నా. ఇక 25లోకి దిగొచ్చా? క్రిస్సీ ఫీల్డ్ మంచిదా, కొయోటీ పాయింట్ మంచిదా? ఏ బోర్డు కొనమంటావ్?"

నాట్లంటే వరినాట్లు కాదు. ఒక నాట్ అంటే గంటకి 1.85 కిలోమీటర్లు. 15 నాట్లు గంటకి 28 కిలోమీటర్లు, 25 నాట్లు 46. అంకెల్లో పెద్ద తేడా అనిపించదు. కానీ గాలి వేగం రెట్టింపైతే సెయిల్ (తెరచాప) మీద పడే తోపు నాలుగు రెట్లవుతుంది. 15 నుంచి 25కి పోయేసరికే అది 2.8 రెట్లు. నిన్నటిదాకా చేత్తో పట్టుకున్న లేగదూడ ఇవాళ ఎద్దయి కూర్చుంటుంది.

అందుకే ఎక్కడ, ఏది అని అడిగినవాళ్లని నేను తిరిగి ఒకటే అడుగుతాను. ఏదైనా విరిగితే, గాలి పడిపోతే, ఒంట్లో ఓపిక అయిపోతే నువ్వు ఎటు కొట్టుకుపోతావ్? చోటైనా, బోర్డైనా, జేబులో పెట్టుకునే రేడియో అయినా ఈ ప్రశ్నకి జవాబు దొరికాకే ఎంచుకోవాలి. ఎంత వేగంగా పోతుంది, ఎంత బాగా తిరుగుతుంది అన్నవి ఆ తర్వాత.

ముందు గాలి గురించి నాలుగు ముక్కలు. ఏప్రిల్ నుంచి ఆగస్టు దాకా మధ్యాహ్నాలు ఇక్కడ గాలి వస్తుందా రాదా అన్న బెంగ పెద్దగా ఉండదు. లోపల సెంట్రల్ వ్యాలీ పెనంలా కాలుతుంది, బయట పసిఫిక్ నీళ్లు చల్లగా ఉంటాయి. బరువైన చల్లగాలి లోపలికి తోసుకొస్తుంది. కొండల వరుసలో సందులు రెండే పెద్దవి. ఒకటి గోల్డెన్ గేట్, రెండోది విమానాశ్రయం వెనకున్న సాన్ బ్రూనో సందు. మొదటిది క్రిస్సీకి, బర్క్‌లీకి, దూరాన షెర్మన్ ఐలాండ్‌కి గాలి పంచుతుంది. రెండోది కొయోటీ పాయింట్‌కి, ఫాస్టర్ సిటీ థర్డ్ అవెన్యూకి. వాతావరణ శాఖ 'చిన్న పడవలకి హెచ్చరిక' ఇచ్చిందంటే, అంటే 21 నుంచి 33 నాట్లు, పడవలవాళ్లు ఒడ్డునుంటారు. విండ్‌సర్ఫర్లకి మాత్రం అది పెళ్లిపిలుపు.

వాతావరణ సూచన చూసేటప్పుడు సగటు ఒక్కటే చూడకండి. సగటు 25, విసురు 28 ఉన్న రోజు, సగటు 20, విసురు 32 ఉన్న రోజు కంటే చాలా మేలు. మొదటిది బరువైన గాలే కానీ నమ్మకస్తురాలు. రెండోది ఈదురుగాలి. సెయిల్ 20కి సరిపోతే 32లో నిన్ను ఎత్తి విసిరేస్తుంది, 32కి సరిపోతే 20లో నీళ్లలో నానబెడుతుంది. 25లోకి మొదటిసారి దిగాలనుకునేవాళ్లు నిలకడగా వీచే రోజు కోసం రెండు వారాలు ఆగినా నష్టం లేదు.

చోటు ఎంచుకోవడం

క్రిస్సీ ఫీల్డ్ ముందు చూద్దాం, ఎందుకంటే అందరి కన్నూ దాని మీదే. గోల్డెన్ గేట్ వంతెన పక్కనే, ఎదురుగా ఆల్కట్రాజ్. ఒకప్పుడు సైన్యం వాడిన విమానాల మైదానం. సెయిల్ కట్టుకోవడానికి పచ్చగడ్డి, దిగడానికి ఇసుక. ఫోటోలకి ఇంతకంటే మంచి చోటు లేదు. మొదటి బలమైన గాలికి మాత్రం ఇది కాదు.

కారణం గాలి కాదు, నీరు. బే మొత్తం నిండేదీ ఖాళీ అయ్యేదీ ఆ వంతెన కింద ఉన్న సన్నటి గొంతులోంచే. పోటు సమయంలో నీరు లోపలికి, ఆటు సమయంలో బయటికి. ఆటు ఉధృతంగా ఉన్న రోజు వంతెన దగ్గర ప్రవాహం 4 నాట్లు దాటుతుంది, అంటే గంటకి 7 కిలోమీటర్ల పైన. బాగా ఈదగల మనిషి వేగం గంటకి 3 కిలోమీటర్లు అనుకున్నా లెక్క ఎటు తేలుతుందో మీకే తెలుసు.

ఇక్కడ కొత్తవాళ్లు తలకిందులుగా అర్థం చేసుకునే విషయం ఒకటుంది. గాలి పడమటి నుంచి వస్తుంది. ఆటు నీరు పడమటికి పోతుంది, గాలికి ఎదురుగా. 20 నాట్ల గాలిలో 3 నాట్ల ఆటు మీద ఉంటే నీ సెయిల్‌కి తగిలేది 23 నాట్లు. పైగా ప్రవాహమే నిన్ను ఎదురుగాలికి మోసుకెళ్తుంది కాబట్టి దిగిన చోటికి తిరిగి రావడం వెన్నతో పెట్టిన విద్యలా అనిపిస్తుంది. అదే పోటు సమయంలో తగిలేది 17. ప్రతి మలుపుకీ నువ్వు కిందికి, నగరం వైపుకి జారుతుంటావ్, ఎదురుగాలికి పైకి ఎక్కడానికే ప్రాణం పోతుంది. అందుకని చాలామంది "ఆటు సులువు, పోటు కష్టం" అని తేల్చేస్తారు. గాలి ఉన్నంతసేపూ అది నిజమే. గాలి ఆగిందా, పోటు నిన్ను లోపలికి, పడవల రేవుల వైపుకి తోస్తుంది. ఆటు వంతెన కిందుగా మహాసముద్రంలోకి తీసుకుపోతుంది. వంతెన బయట పొటాటో ప్యాచ్ అని పిలిచే తక్కువ లోతు ప్రాంతం ఉంది. పేరు విని బంగాళాదుంపల మడి అనుకునేరు, అలలు విరిగే చోటది. కాబట్టి క్రిస్సీలో నా సలహా ఇది: మొదటి పదిసార్లూ కష్టంగా ఉన్నా పోటులోనే దిగండి. సాయంత్రం ఆటు మొదలయ్యే రోజు, అది మొదలవడానికి అరగంట ముందే గడ్డి మీద ఉండండి.

ఇంకో మెలిక ఏంటంటే, క్రిస్సీలో ఒడ్డు దగ్గర గాలి పలచన. నడిమధ్యలో 25 వీస్తుంటే ఇసుక దగ్గర 8 ఉండొచ్చు. సాయంత్రం ఆ పలచన ప్రాంతం వెడల్పవుతూ వస్తుంది. లోపల ఆడుతున్నవాడికి అది కనిపించదు, ఎందుకంటే వాడున్న చోట గాలి ఇంకా బ్రహ్మాండంగానే ఉంటుంది. "గాలి ఉండగానే తూర్పారబట్టుకోవాలి" అని మన పొలాల్లో అంటారు. ఇక్కడ గాలి ఉండగానే ఇల్లు చేరుకోవాలి.

ఓడల సంగతి కూడా. ఓక్లాండ్ రేవుకి పోయే కంటైనర్ ఓడ దారిలో మీరుంటే తప్పుకోవాల్సింది మీరే. సన్నటి మార్గంలో పెద్ద ఓడకి చిన్న నావ అడ్డు రాకూడదని నౌకాయాన నియమం, అది తిరగలేదు, ఆగలేదు. దూరంగా కనిపించింది కదా, ముందుగా దాటేద్దాం అనుకోవద్దు. ఓడ పక్కన గాలి చచ్చిపోతుంది, సరిగ్గా దాని ముందు మీరు నీళ్లలో కూర్చుంటారు.

ఇక థర్డ్ అవెన్యూ. నేను ఎక్కువగా దిగేది ఇక్కడే, ఇల్లు దగ్గరని కూడా. గాలి ఒడ్డు వెంబడి వీస్తుంది, కొద్దిగా లోపలి నీళ్ల వైపుకి. దిగేది రాళ్ల మీదుగా, నీరు తీసేసినప్పుడు బురదలోకి. ఏదైనా జరిగితే మనం పోయేది సాన్ మటేయో వంతెన వైపు. ఆ వంతెన స్తంభాలు దగ్గరికొచ్చేకొద్దీ పెద్దవవుతాయి. ఊరటనిచ్చేదేంటంటే, ఒడ్డు పొడుగునా ఫాస్టర్ సిటీ గట్టు ఉంది. తొందరపడి ఒడ్డు వైపు తెడ్డేస్తే ఎక్కడో ఒకచోట రాళ్లెక్కొచ్చు, మెల్లగా నడిచి వెనక్కి రావొచ్చు. ఇక్కడివాళ్లు దీన్ని సిగ్గునడక అంటారు.

ఆ నడక నేనూ నడిచాను. ఒక జూలై సాయంత్రం, గాలి 24 దాకా ఉంది, 4.7 చదరపు మీటర్ల సెయిల్. బోర్డుకీ మాస్ట్‌కీ (సెయిల్ని నిలబెట్టే కర్ర) మధ్యలో రబ్బరు కీలు ఒకటుంటుంది, టెండన్ అంటారు. అది ఫట్మని తెగింది. పక్కనున్న భద్రతా పట్టీ మాస్ట్‌ని పట్టుకుంది కాబట్టి సెయిల్ పోలేదు, కానీ ఇక నడపడం కుదరదు. నీళ్లలో తేలుతూ బూమ్ (చేత్తో పట్టుకునే అడ్డకర్ర) ఊడదీసి, సెయిల్ని మాస్ట్ చుట్టూ చుట్టి, అంతా బోర్డు మీద పొడవునా పెట్టుకుని, దాని మీద బోర్లా పడుకుని చేతులతో తోసుకుంటూ వచ్చాను. దాదాపు 50 నిమిషాలు. వంతెనకి కాస్త ఇవతల రాళ్లెక్కి, గట్టు మీద బోర్డు నెత్తిన పెట్టుకుని నడుస్తుంటే, సాయంకాలపు నడకకి వచ్చిన తెలుగు పెద్దాయన ఒకాయన ఆగారు. స్వెట్టరు, మఫ్లరు. వెనకాల ఆవిడ.

"ఏం బాబూ, పడవ చెడిపోయిందా?"

"పడవ కాదండీ, గాలి తెరచాపది..."

"నువ్విలా నీళ్లలో ఉన్నావని ఇంట్లో తెలుసా?"

దానికి నా దగ్గర జవాబు లేదు. ఆ సంగతి చివర్లో.

కొయోటీ పాయింట్‌లో సదుపాయాలు బాగుంటాయి. కౌంటీ పార్కు, వేణ్ణీళ్ల స్నానం కోసం మనసు కొట్టుకునే రోజుల్లో ఆ గదులు స్వర్గం. నెత్తి మీద విమానాలు దిగుతుంటాయి. కానీ ఒడ్డు దగ్గర చెట్ల మరుగున గాలి మందంగా ఉండి, బయటికి పోయేకొద్దీ పెరుగుతుంది. ఒడ్డున నిలబడి చూసి "ఏముంది, 15 ఉంటుంది" అని 6.0 సెయిల్ కడతారు, అర కిలోమీటరు దాటాక 27 పలకరిస్తుంది. అక్కడ విరిగితే ఒడ్డుకి దూరంగా, థర్డ్ అవెన్యూ వైపుకి కొట్టుకుపోవడమే. బాగా చేయి తిరిగాక ఇది మంచి చోటు. అప్పటిదాకా ఇక్కడ ఒంటరిగా దిగొద్దు. విమానాశ్రయం వైపు నిషేధిత నీళ్లలోకి పోవద్దు, ఎంత గాలి లాగినా.

బర్క్‌లీలో, అలమీడా క్రౌన్ బీచ్‌లో గాలి ఒడ్డు వైపుకి తోస్తుంది. అలమీడాలో ఇసుక, నడుం లోతు నీళ్లు చాలా దూరం దాకా. గాలి కొంచెం తక్కువే, అయినా 18–20 వచ్చే రోజులుంటాయి. నన్నడిగితే 15 నుంచి పైకి ఎక్కే మెట్టు ఇదే. ఏం జరిగినా నిలబడొచ్చు. బర్క్‌లీలో గాలి గట్టిగా ఉంటుంది, నీళ్లు ఎగుడుదిగుడుగా గుద్దుతుంటాయి, పళ్లు కదిలిపోతాయి. కానీ చేతులెత్తేసినా గాలే ఇంటికి తెస్తుంది.

షెర్మన్ ఐలాండ్ వేరే లోకం. సాక్రమెంటో నది, రియో విస్టా దగ్గర. మంచినీళ్లు, వేసవిలో వెచ్చగా ఉంటాయి, ఎదురుగా కొండల మీద గాలిమరలు బారులు తీరి తిరుగుతుంటాయి. బేలో గాలి లేని పొద్దున కూడా అక్కడ 25 ఉండొచ్చు. నది కాబట్టి ఎటు కొట్టుకుపోయినా ఏదో ఒక గట్టు తగులుతుంది. ఆటు గాలికి ఎదురొచ్చినప్పుడు అలలు నిలువుగా లేస్తాయి, అందుకోసమే జనం రెండు గంటలు కారు నడిపి వస్తారు. ఓడల మార్గం ఇక్కడా ఉంది. బలమైన గాలిలో మొదటి సీజన్ గడపడానికి క్రిస్సీ కంటే ఇది నూరు రెట్లు నయం.

హుస్సేన్‌సాగర్‌లో వానాకాలపు గాలికి లేజర్ అనే చిన్న తెరచాప పడవలు నడిపి ఇక్కడికొచ్చినవాళ్లు ఇద్దరు ముగ్గురు నాకు తెలుసు. గాలి చదవడంలో వాళ్లు మనకంటే నాలుగాకులు ఎక్కువే చదివారు. వాళ్లకి కొత్త రెండే: ఆటుపోట్లు, చలి. ఈ రెండిటి కోసమైనా మొదటి నెల షెర్మన్‌లోనో అలమీడాలోనో గడపమంటాను.

బోర్డు: తేలేదా, మునిగేదా

దుకాణంలో అమ్మేవాడు "గట్టిగాలికి 80 లీటర్ల బోర్డు" అంటాడు. లీటర్లంటే బోర్డు పరిమాణం, ఒక లీటరు దాదాపు ఒక కిలోని తేలుస్తుంది. తప్పేం కాదు. చిన్న బోర్డు అలల మీద అదుపులో ఉంటుంది, పెద్దది ఎగిరిపడుతుంది. కానీ ఒక లెక్క వేయండి. నా బరువు 78 కిలోలు. తడిసిన వెట్‌సూట్ (చలికి వేసుకునే రబ్బరు సూటు), హార్నెస్ (సెయిల్ లాగుడుని నడుముతో పట్టే పట్టీ) కలిపి ఒక 4. సెయిల్, మాస్ట్, బూమ్ కలిపి దాదాపు 8. బోర్డు బరువు 6 పైన. మొత్తం 96. అంటే 96 లీటర్ల కంటే తక్కువ బోర్డు మీద నేను ఊరికే నిలబడితే అది కిందికి పోతుంది. 80 లీటర్ల బోర్డు మీదైతే మోకాళ్ల లోతున మునుగుతాను.

గాలి ఉంటే ఇబ్బంది లేదు. నీళ్లలో తేలుతూ సెయిల్‌కి గాలి పట్టిస్తే అదే మనల్ని లేపి బోర్డు మీద నిలబెడుతుంది, దాన్ని వాటర్‌స్టార్ట్ అంటారు. దానికి కనీసం 12–14 నాట్లు కావాలి. గాలి 8కి పడిపోయిందనుకోండి, వాటర్‌స్టార్ట్ అవదు. బోర్డు మీద నిలబడి తాడుతో సెయిల్ లాగుదామంటే బోర్డు తేలదు. ఇక మీరు సెయిలర్ కాదు, 14 కిలోల సామాను పట్టుకుని ఈదే మనిషి.

అందుకే బలమైన గాలిలో మొదటి రెండు సీజన్లకి నా ఎంపిక: మీ బరువుకి 22–28 లీటర్లు కలిపిన బోర్డు, దాని మీద చిన్న సెయిల్. 78 కిలోలకి 100–106 లీటర్లు. అది 28 నాట్లలో కొంచెం గుర్రంలా ఎగురుతుంది, ఒప్పుకుంటా. చిన్న ఫిన్ (బోర్డు కింద ఉండే రెక్క) పెడితే చాలా మట్టుకు లొంగుతుంది. గాలి పడిపోయిన రోజు 4.7 సెయిల్‌తో బద్ధకంగా, నిటారుగా నిలబడి ఇంటికి చేర్చేది ఆ బోర్డే. 80 లీటర్లది కొనండి, కానీ ఒకటికి పదిసార్లు వాటర్‌స్టార్ట్ తప్పకుండా వచ్చాక, పోటులోనో షెర్మన్‌లోనో దాన్ని వాడండి.

సెయిల్ కొలతలకి వస్తే, 75–80 కిలోల మనిషికి 15–18 నాట్లలో 6.0 చదరపు మీటర్లు, 20–22లో 5.0 నుంచి 5.3, 25లో 4.5 ప్రాంతం, 30 దాటితే 3.7–4.0. ఇవి ఉజ్జాయింపు అంకెలు, ఆటులో ఒక మెట్టు తగ్గించుకోవాలి. రెండు సైజుల మధ్య తేల్చుకోలేకపోతే చిన్నది కట్టండి. పెద్దది కట్టి తాడు బిగిస్తే సరిపోతుందిలే అనేవాళ్లున్నారు. డౌన్‌హాల్ (సెయిల్ని మాస్ట్ వెంట కిందికి లాగే తాడు) బాగా లాగితే సెయిల్ పైభాగం వదులై విసురుగాలి జారిపోతుంది, నిజమే. కానీ ఆ సర్దుబాటు ఒక మూణ్నాలుగు నాట్లకే. 18 నాట్ల సెయిల్ని 28కి సర్దడం కుదరదు. ఒడ్డుకి వచ్చి మార్చుకోవడానికి పట్టేది పావుగంట. ఆ బద్ధకం వల్ల పోయిన మోచేతులు చాలా చూశాను.

టెండన్ రకమా, మెకానికల్ కీలా అని అడుగుతారు. మెకానికల్ కీలులో ఇసుక దూరితే గరగరలాడుతుంది, ఎప్పుడు విరిగేదీ చెప్పకుండా విరుగుతుంది. టెండన్ తెగే ముందు చిన్న చీలికలు చూపిస్తుంది, చూసే ఓపికుంటే. వంచి, ఎండలో పెట్టి, గోరుతో గీకి చూడాలి. నాది తెగిన రోజు ఉదయం ఆ చీలిక ఉండే ఉంటుంది. నేను చూడలేదు, అంతే. ఇప్పుడు ప్రతి ఏప్రిల్‌లో కొత్తది వేస్తాను. నలుగురం బిర్యానీకి వెళ్తే అయ్యే ఖర్చులో సగం కూడా కాదు. హార్నెస్ జేబులో రెండు మీటర్ల సన్నతాడు కూడా ఉంటుంది. బూమ్ దగ్గర తెగినా, డౌన్‌హాల్ తెగినా ముడేసి వచ్చేయొచ్చు.

ఒంటి మీద

నిండా మునిగినవాడికి చలేంటి అంటాం. గోల్డెన్ గేట్ దగ్గర వేసవిలో కూడా నీళ్లు 12 నుంచి 15 డిగ్రీలు. ఇక్కడ నిండా మునిగినవాడికే చలి. పైన ఎండ ఉంటుంది కాబట్టి మోసపోతాం. క్రిస్సీలో 4/3 మిల్లీమీటర్ల (ఒంటి దగ్గర 4, కాళ్లూచేతుల దగ్గర 3 మందం) సూటు తప్పనిసరి, నేనైతే బూట్లు కూడా వేస్తా. ఫాస్టర్ సిటీ వైపు ఆగస్టులో నీళ్లు 18–20 దాకా వస్తాయి, అయినా పలచని సూటుకి మారను. ఎందుకంటే సూటు ఎంచుకోవాల్సింది సెయిలింగ్ చేసే గంట కోసం కాదు, బోర్డు మీద బోర్లా పడుకుని తోసుకుంటూ వచ్చే గంట కోసం. ఆ 50 నిమిషాల్లో నాకు చివరికి వేళ్లు మడతపడలేదు. ముడి విప్పాల్సిన పనంతా మొదటి పది నిమిషాల్లో చేసుకోబట్టి సరిపోయింది. షెర్మన్‌లో మాత్రం ఎండాకాలం 3/2 చాలు.

ఇంపాక్ట్ వెస్ట్, లైఫ్‌జాకెట్ ఒకటి కాదు. ఇంపాక్ట్ వెస్ట్ పక్కటెముకల్ని కాపాడుతుంది, తేలడానికి కొంత సాయపడుతుంది, చాలావాటికి తేలే గుణం గురించి ధ్రువీకరణే ఉండదు. 50 న్యూటన్ల గుర్తు ఉన్న తేలుడు జాకెట్ మిమ్మల్ని నీటిపైన పట్టుకుంటుంది. హార్నెస్‌తో కలిపి వేసుకుంటే కొంచెం లావుగా ఉంటుంది. తేలే జాకెట్ వేసుకుంటే సెయిల్ కిందనుంచి బయటికి రావడం కష్టం అని కొందరు వాదిస్తారు. సెయిల్ మీద పడితే కిందికి మునగక్కర్లేదు. చేయి పైకెత్తి సెయిల్ని లేపితే కింద గాలి దొరుకుతుంది, మాస్ట్ పట్టుకుని పక్కకి జరిగితే బయటపడతారు. చెరువులో నాలుగుసార్లు కావాలని చేసి చూడండి. నేను జాకెట్ వైపే. హెల్మెట్ గురించి చర్చ అనవసరం, 25 దాటాక మాస్ట్ ఎటునుంచి వస్తుందో దానికే తెలీదు.

పిలవడానికి ఏముంది

ప్లాస్టిక్ సంచీలో ఫోన్ పెట్టుకున్నాం కదా అని చాలామంది ధీమా. ఇంట్లో ఒకసారి ప్రయత్నించండి. ఫోన్‌ని ఆ సంచీలో పెట్టి, బకెట్ నీళ్లలో ముంచి, చల్లటి తడివేళ్లతో లాక్ తీయండి. నేను స్నానాలగదిలో మూడుసార్లు చేస్తే ఒకసారి పడింది. పైగా ఫోన్ ఒక్కరికే వినిపిస్తుంది. చేతిలో పట్టే, పడవలవాళ్లు వాడే వీహెచ్ఎఫ్ రేడియో 16వ ఛానెల్లో పిలిస్తే కోస్ట్ గార్డ్‌తో పాటు దగ్గర్లో ఉన్న ఫెర్రీ, చేపల పడవ, తెరచాప పడవ అందరూ వింటారు. బేలో ఆ దగ్గర్లో ఉన్నవాడే ముందు వస్తాడు. ఉపగ్రహానికి సంకేతం పంపే పీఎల్‌బీ పరికరం ఒడ్డుకి దూరంగా, ఫోన్ తగలని చోట బంగారం, కానీ అది మాట్లాడదు. చాలావాటిలో బటన్ నొక్కాక ఏమవుతోందో మనకి తెలియదు. బే కోసం రెండిట్లో ఒకటే కొనగలిగితే రేడియో కొనండి. తేలే రకం, తాడుతో జాకెట్‌కి కట్టుకుని. క్రిస్సీ నుంచి వంతెన వైపు పోయేవాళ్లయితే రెండూ.

ఏదీ లేకపోతే, రెండు చేతులూ పక్కలకి చాచి మెల్లగా పైకీ కిందికీ ఊపడం ఆపదకి అంతర్జాతీయ సంకేతం. ఒక్క చేయి ఊపితే ఫెర్రీలో జనం తిరిగి చేయి ఊపి ఫోటో తీసుకుంటారు. ఒక విజిల్ జాకెట్‌కి కట్టుకోండి, అంతే.

ఎన్ని ఉన్నా, బోర్డు వదిలి ఈదొద్దు. సెయిల్ని వదిలేయాల్సి వస్తే వదిలేయండి, అది నీళ్లలో లంగరులా లాగుతుంది. వందల డాలర్లు కళ్లముందు పోతుంటే చేయి రాదు, తెలుసు. బోర్డు మాత్రం మీ పడవ, ఎర్రగానో పసుపుగానో దూరానికి కనిపించేదీ అదే.

వింగ్‌కి మారిపోనా?

ఈమధ్య సగం మంది వింగ్ ఫాయిల్‌కి (చేత్తో పట్టుకునే గాలి నింపిన రెక్క, బోర్డుని నీటిపైకి లేపే ఫాయిల్ అనే కింది రెక్క) మారిపోయారు, కాబట్టి ఈ ప్రశ్న తప్పదు. బలమైన గాలిలో వింగ్‌కి ఒక పెద్ద సుగుణం ఉంది. చేతిలోంచి వదిలేస్తే తోపు మొత్తం పోతుంది, గాలి నింపింది కాబట్టి తేలుతుంది. విరిగే ముక్కలు తక్కువ. లోపాలూ ఉన్నాయి. మణికట్టు తాడు తెగితే వింగ్ నీళ్ల మీద దొర్లుకుంటూ మీరెప్పటికీ అందుకోలేనంత వేగంగా పోతుంది. గాలి దూరితే ఉబ్బేది కాబట్టి చిల్లు పడితే కథ ముగుస్తుంది. థర్డ్ అవెన్యూ బురదలో నీరు తీసిన వేళ ఫాయిల్ నేలకి తగులుతుంది. కైట్, అంటే గాలిపటం లాగితే బోర్డు మీద పోయే ఆట, గురించి ఒకటే మాట: దాన్ని ఎగరేయడానికీ దించడానికీ ఒడ్డున ఖాళీ స్థలం, పక్కన మనిషి కావాలి. తాడుల్లో చిక్కుకోవడం అన్నిటికంటే పెద్ద ప్రమాదం. విండ్‌సర్ఫింగ్ 25లో మీకు నచ్చిందంటే గాలి ఎక్కువ ఉన్నందుకు మారక్కర్లేదు. గాలి తక్కువ రోజులకి వింగ్ కొనుక్కోండి, 12 నాట్లలో అది చేసే పని సెయిల్ చేయదు.

ఇక ఆ పెద్దాయన ప్రశ్న. ఆ రోజు ఇంట్లో ఎవరికీ తెలీదు. మా ఆవిడ నేను ఆఫీసులో ఉన్నాననే అనుకుంటోంది. ఇప్పుడు మూడు మాటలు పంపుతాను: ఎక్కడ దిగుతున్నాను, సెయిల్ రంగేంటి, ఎన్నింటికి ఫోన్ చేస్తాను. ఆ టైముకి అరగంట దాటితే ఆమె కోస్ట్ గార్డ్‌కి ఫోన్ చేయాలి. మొదటి నెలలోనే ఒకసారి బయటికొచ్చి పార్కింగ్‌లో సెయిల్స్ గురించి కబుర్లలో పడి మర్చిపోయాను. 28వ నిమిషంలో ఫోన్ మోగింది. "నంబరు డయల్ చేసి వేలు బటన్ మీద పెట్టుకుని కూర్చున్నా" అంది. అప్పటినుంచి సూటు జిప్పు విప్పకముందే, ముక్కులోంచి ఉప్పునీళ్లు కారుతుండగానే ఫోన్ చేసేస్తాను.